ఈశాన్యం క్లాంపు మీద పేర్లు

చుట్టు 812, వెలుగు పూట

తాడు బాగుంది. తొడుగు బాగుంది. గాలి ఎప్పటిలాగే పుల్లగా ఉంది. క్లాంపు సంగతి కింద రాస్తాను. చుట్టంటే గాలి మా ఊరిని గ్రహం చుట్టూ ఒకసారి తిప్పే నాలుగు రోజులు, సగం వెలుగు పూట, సగం చీకటి పూట, ఈ లాగ్ పుస్తకం మొదలైన నాటి నుంచి లెక్క.

ఈ లాగ్‌లో తాడు, తొడుగు, క్లాంపు, గాలి తప్ప ఇంకో ముక్క రాయకూడదని రూలు. ఆ రూలు పెట్టినవాళ్లు భూమ్మీద ఉన్నారు. వాళ్ల ఓడ వచ్చి రెండు తరాలైంది, వాళ్ల కబురు వచ్చి ఒక తరమైంది. కాబట్టి ఊగులపేట ఆరో వరస తాళ్ల ఇన్‌స్పెక్టరు గనగళ్ల సింహాచలం అనే నేను నాకు తోచింది రాస్తాను. అభ్యంతరం ఉన్నవాళ్లు శుక్రగ్రహం దాకా వచ్చి చెప్పొచ్చు.

ఇవాళ మా మనవరాలి పురుడు. నా కూతురు నూకరత్నం మూడో వరస నుంచి పురిటికి నా దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పురుడంటే ఇక్కడ పెద్ద పనే. కాచిన నీళ్లు రెండు చెంబులు ఎక్కువ ఇస్తారు. మర దగ్గర మసి గీకి తెచ్చి బిడ్డకి కాటుక పెట్టాలి, బుగ్గన దిష్టి చుక్క పెట్టాలి. గాలిని విరిచే మరలో ప్రాణవాయువు ఒక గొట్టంలోంచి వస్తుంది, మసి ఇంకో గొట్టంలోంచి వస్తుంది. ఆ మసే మా బతుకు. దాన్ని పోగులుగా లాగితే తాడు. నొక్కి కాలిస్తే కిటికీకి వజ్రపు పలక. గుల్లగా చేస్తే ముక్కుకి కట్టుకునే బొగ్గు సంచి. ఇంకోలా కాలిస్తే పెన్సిల్ ములుకు. భూమ్మీద ఆడవాళ్లు ముక్కుకి వజ్రం పెట్టుకుని అల్యూమినియం గిన్నెలో గంజి కాచుకునేవారట. ఇక్కడ కిటికీకి వజ్రం, మెడలో అల్యూమినియం పుస్తెలు. ఈ మబ్బుల్లో బొగ్గు కావలసినంత దొరుకుతుంది, లోహం చిటికెడు దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైంది పేరు రాయడం. ఊరిని మబ్బుల్లో తేల్చే పెద్ద గాలి సంచి కింద ఒక్కో ఇల్లు నాలుగు మూలల నాలుగు తాళ్లకి వేలాడుతుంది. తాడు ఇంటి కప్పును పట్టుకునే చోట అల్యూమినియం క్లాంపు ఉంటుంది. ఈశాన్యం మూల క్లాంపు మీద, ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ పదకొండో రోజున పెన్సిల్‌తో రాస్తాం. గాలిలో గిరగిరా తిరిగే ఊరికి ఈశాన్యం ఏమిటని అడగొద్దు. ఊరు కట్టినప్పుడు ఎవరో ఒక మూలను ఈశాన్యం అన్నారు, అంతే. సిరాతో రాస్తే ఈ పుల్లగాలికి చుట్టు తిరిగేలోగా పోతుంది. పెన్సిల్ గీతను ఏ ఆమ్లమూ ముట్టదు. అందుకని పెన్సిల్.

"కానీ సింహాలూ, ముహూర్తం దాటిపోతాది," అన్నాడు ఎర్రయ్య మావ. మా అమ్మకి తమ్ముడు, ఆరో వరసకి పెద్ద. పెన్సిల్ ఆయన దగ్గరే ఉంటుంది, పసుపు గుడ్డలో చుట్టి.

"ముహూర్తమేటి మావా. భూమ్మీద మూఢం వస్తే పెళ్లిళ్లు ఆపీసేవోరంట. మనం ఏకంగా శుక్రుడి మీదే కాపురం ఎట్టినాం."

అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర నిలబడ్డ బంగారమ్మ వదిన కూడా నవ్వింది. మా ఆయనకి అక్క. మా ఆయన పోయాక ఈ ఇంట్లో పెద్ద దిక్కు ఆమే. కానీ పేరు రాసేటప్పుడు లోపలికి రాదు. ఆమెకి కానుపులు నిలవలేదు. పదకొండో రోజు చూడని బిడ్డకి పేరుండదు. ఆమె ఇంటి క్లాంపుని వరసలో బోడి క్లాంపు అంటారు, ఆమె వినేటట్టే.

నిచ్చెన ఎక్కాను. మా ఆయన పేరు, వదిన పేరు, వాళ్ల అన్నదమ్ముల పేర్లు, మా నూకరత్నం పేరు. ఆ కింద 'గంగ' అని రాయడం మొదలెట్టాను. రెండో అక్షరం దగ్గర చెయ్యి జారి ములుకు పైనున్న నూకరత్నం 'ర' లోకి దిగిపోయింది. దిగి అక్కడే ఇరుక్కుంది. బయటికి లాగితే బూడిద రంగు పొడి రాలింది.

గీత ఉండాల్సిన చోట కాలవ ఉంది. కిందనుంచి అందరూ చూస్తున్నారు కాబట్టి పేరు పూర్తి చేసి దిగాను.


చుట్టు 812, చీకటి పూట

సూది పట్టుకుని వరసంతా తిరిగాను. తొడుగుల కింద చీలికలు వెతకడానికి మాకిచ్చే సన్నటి ఉక్కు సూది అది. తాడు క్లాంపుకి నేరుగా తగలకుండా మధ్యలో గాజు తొడుగు ఉంటుంది. తొడుగు చిట్లితే వెంటనే మార్చాలి. నా ఉద్యోగంలో ముప్పాతిక భాగం అదే. తొడుగులన్నీ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. పేర్ల మీద సూది పెడితే ప్రతి పేరులోకీ దిగింది. కొత్త పేర్లలో గీరినట్టుంది. తాతల పేర్లలో సగం సూది పోయింది.

కామేశు ఇల్లు అన్నిటికంటే అధ్వాన్నం. నాలుగు తరాల పేర్లు, ఖాళీ లేకుండా. వరసలో ఎవరికి పెళ్లి సంబంధం చూసినా ముందు ఆ క్లాంపు చూపించి, 'కొంప అంటే అదీ' అంటారు. కామేశుకి చెప్పాను, ఈశాన్యం మూల బలహీనంగా ఉంది, సంగతి తేలేదాకా ఇంకెక్కడైనా పడుకోండని.

"దిష్టి తగిలుంటాది అప్పా," అన్నాడు. "నీ మనవరాలి పురిటికొచ్చి అందరూ మా క్లాంపునే సూసినారు."

వాళ్లావిడ మసి తీసుకొచ్చి క్లాంపు నడిమధ్యన ఇంత దిష్టి చుక్క పెట్టింది. నాకు ఒళ్లు మండింది కానీ ఎందుకు మండిందో చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. రాలిన పొడి కాస్త పొట్లం కట్టి పై అంతస్తులో పరీక్షగది సుభద్ర మేడంకి పంపాను.


చుట్టు 813, వెలుగు పూట

కామేశు ఇల్లు పోయింది.

బొగ్గు సంచులు మారుస్తుండగా టప్పుమని ఒక శబ్దం వచ్చింది, కుండ పగిలినట్టు. ఇల్లు ఒక మూలకి వాలింది. ఎవరో లోపల్నుంచి తలుపు తోశారు. తలుపు తెరుచుకుంది కానీ అది అప్పటికే కిందివైపుకి తిరిగి ఉంది. మిగతా మూడు క్లాంపులు ఒకదాని వెనక ఒకటి తెగాయి. ఇల్లు పసుపుపచ్చ మబ్బులోకి వెళ్లిపోయింది. కామేశు, అతని భార్య, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, పిల్లలు. కింద సీసం కరిగేంత వేడి అంటారు. అక్కణ్నుంచి ఎప్పుడూ ఏ శబ్దమూ రాదు, ఇవాళ కూడా రాలేదు.

ఆ అదురుకి వరసంతా ఊగింది. అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు ఈశాన్యం మూల పగుళ్లిచ్చాయి. ఒక్క తాడూ తెగలేదు. వేలాడుతున్న నాలుగు తాళ్లనీ చేత్తో పట్టుకుని చూశాను. వాటి మీద గీత కూడా లేదు.

కామేశు చెల్లెలు పోలేరు నా దగ్గరికి వచ్చి, "తాళ్లు సూసేది నివ్వే గదా," అంది. ఆ ఒక్క మాట చాలు నాకు.


చుట్టు 814, వెలుగు పూట

సుభద్ర మేడం పైనుంచి నేరుగా మా ఇంటికి దిగి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఈశాన్యం క్లాంపు కింద నిలబడి తలెత్తి చూస్తూ అడిగింది.

"తాడుకీ క్లాంపుకీ మధ్య గాజు తొడుగు ఎందుకు పెడతారమ్మా?"

"తాడు తగిల్తే క్లాంపుని తినీస్తాదండి. బొగ్గుకీ ఈ లోహానికీ పడదు. మా అయ్య నేర్పినాడు."

"ఈ పేర్లు దేంతో రాశారు?"

"పెన్సిల్‌తోనండి," అన్నాను.

పెన్సిల్ ములుకు కూడా బొగ్గే. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి తొడుగులు చూస్తాను, చిట్లిన తొడుగు కనిపిస్తే అన్నం మానేసి మారుస్తాను. తాడుని అంగుళం దూరంలో ఉంచడానికి జన్మంతా ధారపోసి, అదే బొగ్గుని నా చేత్తో క్లాంపు మీద రుద్దాను, పసుపు రాసి, కుంకం పెట్టి మరీ. తాడంటే గట్టిది, పెన్సిలంటే మెత్తనిది, చేత్తో నలిపితే పొడి అయ్యేది. అది ఇంటిని తింటుందని ఎవరికి తడుతుంది.

మేడం నెమ్మదిగా చెప్పింది. "ఒకటే కార్బన్ అయినా రూపాన్ని బట్టి గుణం మారిపోతుంది. వజ్రంలో కరెంటు పారదు. గ్రాఫైట్‌లో, అంటే మీ పెన్సిల్‌లో, పారుతుంది. ఇక్కడి పుల్లటి తడి తోడైతే ఆ గీతా ఈ లోహమూ కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి. ఆ బ్యాటరీలో కరిగిపోయేది లోహమే, గీతకేమీ కాదు. ఒక్కో పేరు అలా పని చేస్తూనే ఉంది, రాసిన రోజు నుంచి."

"తుడిచేస్తే ఆగుతాదాండి?"

"కొత్తవి ఆగుతాయి. పాతవి లోపలికి వెళ్లిపోయాయి. తుడవడానికి గీత పైన లేదు."

మిగతా వరసల్లో కూడా ఇదే సంగతని చెప్పింది. పైన తాళ్లకి పోగులు లాగే నూలు హాలుని మోసే పెద్ద క్లాంపుల మీద ఊరు కట్టిన తొలితరం అందరి పేర్లూ ఉన్నాయి. అవి ఇంకా పాతవి.

మేడం వెళ్లాక గుడ్డ తడిపి గంగ పేరు తుడిచేశాను. అది ఒక్కటే పూర్తిగా పోయింది. నూకరత్నం బిడ్డకి పాలిస్తూ చూసింది. "నా గుంట పేరు నీ సేత్తోనే తుడిసీసినావమ్మా," అంది. అవునని చెప్పాను.


చుట్టు 816, వెలుగు పూట

తాడు బాగుంది. తొడుగు బాగుంది. ఈ రెండు మాటలూ రాయాలంటే సిగ్గేస్తోంది.

పేర్లు లేని మూలల క్లాంపులు విప్పి వాడదామంటే అవి కప్పుతో కలిపి పోతపోసినవి, ఇల్లు వేలాడుతుండగా కొయ్యలేం. అందుకని లోహం లేకుండా క్లాంపు చెయ్యగలమా అని పనిశాలలో చూశాం. ఎర్రయ్య మావ, మేడం, నేను. ముందు తాడునే ముడి వేసి ఇంటికి కట్టేద్దామన్నాడు మావ. మా ముత్తాతలు సముద్రం మీద వలలు అల్లినవాళ్లు, మావకి ముళ్లన్నీ వచ్చు. మెత్తటి ముడి వేశాడు, బరువు తగిలించాడు. ముడి దగ్గరే తాడు పటుక్కున తెగింది. ఇంకో ముడి, ఇంకో తాడు, అదే కథ. నిలువుగా లాగితే ఊరిని మోసే పోగు, మెలిక పెడితే ఎండు పుల్లలా విరుగుతుంది. మావ తెగిన కొసను చాలాసేపు వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

తర్వాత వజ్రం. కిటికీ పలకలు కలిపి కాల్చి వజ్రంతో క్లాంపు చేశాం. చూడ్డానికి కళ్లు చెదిరిపోయాయి. దాని మీద ఏ సూదీ గీత పెట్టలేదు. తాడుని క్లాంపులో బిగించే పిన్ను దిగడానికి మావ చిన్న సుత్తితో ఒక్కటి తట్టాడు. ఒక వాలున రెండు ముక్కలైంది, కత్తితో కోసినంత నున్నగా.

"ఇదేటండి మేడం, ఇంతకంటే గట్టిది లేదన్నారు?"

"గీతకి గట్టిదే మావయ్యా. దెబ్బకి కాదు."

పోగుని జిగురులో ముంచి గట్టిపరిస్తే క్లాంపులా నిలబడుతుందట. జిగురు చెయ్యాలంటే హైడ్రోజన్ కావాలి. మా దగ్గరున్న హైడ్రోజన్ అంతా తాగే నీళ్లలో ఉంది. ఒక ఇంటికి క్లాంపులు చేస్తే ఒక వరస దాహంతో పోతుంది. మేడం ఆ లెక్క రెండుసార్లు వేసి పలక బోర్లించేసింది.

బొగ్గుకి ఎన్ని రూపాలున్నాయో అన్నీ బల్ల మీద పరిచాం. ఒకటి లాగితే ఆగుతుంది, ఒకటి గీతకి ఆగుతుంది, ఒకటి జారుతుంది, ఒకటి విషాన్ని పీలుస్తుంది. ఇంటిని పట్టుకునే రూపం ఒక్కటీ లేదు.

సాయంత్రం పోలేరు వచ్చి మెడలోంచి పుస్తెలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ వెనక వరసలో ఆడవాళ్లందరూ వచ్చారు. నావి కూడా ఇచ్చాను, మా ఆయన పోయినా దాచుకున్నవి. అందరివీ కలిపితే మావ అరచేతిలో ఇమిడాయి. ఆయన మూసిన గుప్పిట తెరవకుండా, "ఇయి ఒక పిన్నుక్కూడా రావే," అన్నాడు. ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేశాం. ఏవి ఎవరివో తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపడలేదు.


చుట్టు 817, చీకటి పూట

పంచాయితీ పెట్టారు. ఇల్లు తనంతట తాను తెగితే ఆ అదురుకి పక్కిళ్లు కూడా పోతాయి. అందుకని బాగా తినేసిన క్లాంపుల ఇళ్లని ఖాళీ చేసి, నాలుగు పిన్నులూ ఒకేసారి లాగి, మనమే వదిలేయాలి. అలా చేస్తే వరసకి అదురుండదు, పైన సంచి మీద బరువూ తగ్గుతుంది. మిగిలిన ఇళ్లలో అందరం సర్దుకోవాలి. ఆ మిగిలినవి కూడా ఎన్నాళ్లుంటాయని ఎవరూ అడగలేదు.

అందరి కళ్లూ ఒకవైపే తిరిగాయి. వరసలో పేరు లేని క్లాంపు ఒక్కటే ఉంది. బంగారమ్మ వదినది. నా ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. బాలింతలు, పసిపిల్లలు ఆ ఇంట్లో ఉండాలని మావ చెప్పగానే నేను మనసులో గంగ పక్కబట్టలు మూట కట్టేసుకున్నాను కూడా. మూడో వరస నుంచి అల్లుడు వచ్చి, వాళ్లింటి క్లాంపు నిండా పేర్లున్నాయని, నూకరత్నాన్నీ బిడ్డనీ నా దగ్గరే ఉంచమని బతిమాలాడు.

వదిన లేచి నిలబడింది. "నా ఇంటికి ఎవులూ రావొద్దు," అంది.

"ఎందుకూ?" అన్నాడు మావ.

"ఒద్దంటే ఒద్దు."

"వదినా, గుంట మొకం సూడు," అన్నాను. "నీ తమ్ముడి మనవరాలు. నీకు ఎవులున్నారు ఇంకా?"

ఆమె బిడ్డని చూసింది. చూసి, చెయ్యి ముందుకి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఇంటికి వెళ్లి తలుపు వేసుకుంది. ఇన్నాళ్ల కసి ఇవాళ తీర్చుకుంటోందని పోలేరు అంది. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. ఇలాంటి మనిషికి బిడ్డలు లేకపోవడమే మేలైంది. ఈ మాట కొట్టేయాలనుంది కానీ కొట్టేయను.


చుట్టు 818, వెలుగు పూట

వదిన పొద్దున్నే వచ్చింది. లోపలికి రాలేదు.

"అద్దం ఒట్టుకుని రా సింహాలూ. సూది కూడా."

వెళ్లాను. నా కోపం ఇంకా తగ్గలేదు. ఆమె తనే నిచ్చెన వేసింది. ఈశాన్యం క్లాంపు ముందువైపు అద్దంలా మెరుస్తోంది, ఊరు కట్టిన రోజున ఉన్నట్టు. నాకు మళ్లీ కోపం వచ్చింది.

"ఎనక్కి సూడు," అంది.

క్లాంపు వెనకవైపుకీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటుంది. అక్కడ ఏముంటుందని ఎవరూ చూడరు. అద్దం పెట్టి దీపం చూపించాను. అక్కడ ఒక పేరు ఉంది. ఒకటే. అంత నల్లటి పేరు నేను ఏ ఇంట్లోనూ చూడలేదు.

తవుడు.

బిడ్డలు వరసగా పోతుంటే, పుట్టిన బిడ్డని చేటెడు తవుడుకి ఇంకొకరికి అమ్మినట్టు చేసి, ఆ పేరే పెట్టేవాళ్లు మా పెద్దవాళ్లు. తవుడుకి కొన్న బిడ్డ మీద చావుకి ఆశ పుట్టదని. అంటే వాడికి ముందు కూడా ఉన్నారన్నమాట. వాళ్లకి పేర్లు కూడా పెట్టుకోలేదు ఆమె.

"తొమ్మిదో రోజున పోనాడు," అంది కిందనుంచి. "ఇంక రెండ్రోజులు ఆగితే మీ మావ పెన్సిల్ అట్టుకుని వొచ్చేవోడు."

"ఇది పెన్సిల్‌తో రాసింది కాదు వదినా."

"పెన్సిలు నాకెవులిస్తారు. కప్పీలకి పూసే నల్లపొడి ఉంటాది కదా, అది వేలితో రాసినాను. ఆడు పుట్టిన రోజు వొచ్చినప్పుడల్లా మళ్లీ దిద్దుతాను. పేరు మాసిపోతాదేమోనని."

కప్పీలకి పూసేది కూడా గ్రాఫైటే. పెన్సిల్ కంటే మెత్తనిది, పెన్సిల్ కంటే బాగా అంటుకునేది. ముప్ఫై ఏళ్లుగా దిద్దింది. సూది పెట్టాను. ఆగకుండా మొత్తం దిగిపోయింది, నా వేలు క్లాంపుకి తగిలేదాకా.

నిచ్చెన దిగి ఆమె పక్కన కూర్చున్నాను.

"మొన్న అంతమంది అడిగినప్పుడు సెప్పొచ్చు గదా."

"సెప్తే తుడిసీమంటారు," అంది వదిన. "నాకు మిగిలింది ఆడి ఒక్కడి పేరే."


చుట్టు 819, వెలుగు పూట

ఇవాళ వరసలో ఏడిళ్లు వదిలాం.

ఎవరూ అనుకోకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. మొదటి ఇంటి దగ్గర పిన్నులు లాగబోయే ముందు ఎర్రయ్య మావ నిచ్చెన ఎక్కి క్లాంపు మీద పేర్లు ఒక్కొక్కటే పైకి చదివాడు. ఆ పేరు గలవాళ్లు గుంపులో ఉంటే "ఉన్నాను" అన్నారు. లేనివాళ్ల తరఫున ఎవరూ ఏమీ అనలేదు. చదవడం అయ్యాక అందరూ బయటి నడవలోకి వచ్చారు, నలుగురం కప్పు పైనుంచి తాళ్లు పట్టుకుని వేలాడుతూ నాలుగు పిన్నులు లాగాం. ఇల్లు అదురు లేకుండా వెళ్లిపోయింది. మా ఇంటి దగ్గర మా ఆయన పేరు చదివినప్పుడు నేను నేలవైపు చూశాను.

వదిన ఇల్లు ఆఖరు. ఆ క్లాంపు కూడా పోయిందని చెప్పాను కానీ, వెనకున్న పేరు సంగతి మావకి ముందుగా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. ఆయన ఎక్కి చూసి, "దీని మీద పేర్లు లేవు. లాగీండి," అన్నాడు.

"ఉన్నాది మావా. ఒకటున్నాది."

అద్దం తీసుకుని నేనే ఎక్కాను. వరసంతా కింద నిలబడి ఉంది. అద్దం సందులో పెట్టి చదివాను.

"తవుడు."

పేరు వినగానే అక్కడున్న ఆడవాళ్లందరికీ అర్థమైంది. ఆ పేరుకి అర్థం చెప్పాల్సిన పని మాలో ఎవరికీ లేదు. పోలేరు ముందుకి వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. కామేశు పేరు చదివేవాళ్లు లేకుండా పోయాడు, ఆమెకి ఆ బాధ తెలుసు.

"ఉన్నాడు," అంది వదిన, మెల్లగా, మిగతావాళ్లు అన్నట్టే.

బయటికి వచ్చి పిన్నులు లాగాం. మబ్బు మూసుకుంది.


చుట్టు 823, చీకటి పూట

మూడో వరస మొన్న మొత్తంగా పోయింది. ఏ ఇళ్లు వదలాలో వాళ్ల పంచాయితీ అప్పటికింకా తేల్చుకోనే లేదు. అల్లుడు ఆ పూట వాళ్లమ్మని తీసుకురావడానికి వెళ్లాడు. నూకరత్నం ఏడవడం లేదు, పాలు మాత్రం తగ్గాయి.

ఎర్రయ్య మావ ఇంట్లో ఆరు కుటుంబాలం ఉన్నాం. ఆయన ఈశాన్యం క్లాంపు మీద పేర్లు తక్కువే. తక్కువంటే లేవని కాదు. పూటకోసారి సూది పెడుతున్నాను. మొదట్లో ఎంత దిగిందో అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరూ అడగరు, నేనూ చెప్పను. సుభద్ర మేడం నిన్న దిగి వచ్చింది, హాలు క్లాంపుల సంగతి అడిగితే బొగ్గు సంచులు సరిపోతున్నాయా అని నన్ను అడిగింది. సరిపోతున్నాయన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

గంగ పేరు మళ్లీ ఎక్కడా రాయలేదు. పిలిస్తే తల తిప్పుతుందని వదిన అంటుంది. ఇంకా అంత వయసు రాలేదని నాకు తెలుసు కానీ నేను కాదనలేదు. పక్క ఇంకెక్కడా పట్టక చీర ఉయ్యాల ఇంటి మధ్య దూలానికి కట్టాం. వదిన దాని కిందే పడుకుంటుంది. ఈశాన్యం మూల కాస్త దిగినప్పటి నుంచి గాలి కొట్టినప్పుడల్లా ఇల్లు అటూ ఇటూ కదులుతోంది. మొదటి రెండు పూటలు వదిన ఊపడానికి తాడు అందుకునేది. ఇప్పుడు చెయ్యి చాపడం మానేసింది.

తాడు బాగుంది. తొడుగు బాగుంది. గంగ నిద్రపోతోంది. ఉయ్యాలని ఎవరూ ఊపక్కర్లేదు.